రెండో గోలీ

ఈ ఏడాది మన బడి పత్రికకు "నాకు నచ్చిన ఆటగాడు" అనే అంశం మీద వ్యాసాలు రాయమని తెలుగు టీచరమ్మ చెప్పారు. మా తరగతిలో ముప్పాతిక మంది క్రికెట్ ఆటగాళ్ళ పేర్లు చెప్పారు. కోవిల్‌పట్టి నుంచి బస్సులో వచ్చే పిల్లలు హాకీ ఆటగాళ్ళ పేర్లు చెప్పారు. అందులో ఆశ్చర్యం లేదు. మన జిల్లాలో కోవిల్‌పట్టి అంటే కడలె మిఠాయి, అగ్గిపెట్టెలు, హాకీ. భారత జట్టుకు ఆడిన మారీశ్వరన్ శక్తివేల్ ఆ ఊరివాడే.

నా వంతు వచ్చినప్పుడు నేను "పీటర్ తంగరాజ్" అన్నాను. ఎవరికీ తెలియలేదు. టీచరమ్మ కూడా "ఎవరప్పా ఆయన?" అని అడిగారు. "ఫుట్‌బాల్ గోలీ అమ్మా" అన్నాను. వెనక బెంచీ నుంచి నవ్వు వినిపించింది. ఎందుకంటే నేను కూడా గోలీనే. అది కూడా రెండో గోలీని.

తంగరాజ్ గారి గురించి రాద్దామని కూర్చుంటే ఆయన వెనక ఉన్న ఇంకొక ఆయన గురించి కూడా రాయాల్సి వచ్చింది. ఆ తర్వాత మా అన్న గురించీ నా గురించీ రాయక తప్పలేదు. చదివేవాళ్ళు తప్పుగా అనుకోకండి.

మాది కయత్తారు. మదురై నుంచి తిరునెల్వేలికి పోయే పెద్ద రోడ్డు మీద ఉంటుంది. 1799 అక్టోబరు 16న వీరపాండ్య కట్టబొమ్మనను తెల్లవాళ్ళు ఉరి తీసింది మా ఊళ్ళోనే. బయటి ఊళ్ళ నుంచి వచ్చేవాళ్ళు ఆయన స్మారకాన్ని చూసి, ఫొటో తీసుకుని, టీ తాగి వెళ్ళిపోతారు. కాని ఇక్కడ ఉండేవాళ్ళకు మా ఊరి అసలు సంగతి తెలుసు. అది గాలి. ఊరి చుట్టూ ఎటు చూసినా గాలిమరలే. కొత్త గాలిమరలను పరీక్షించే కేంద్రాన్ని ప్రభుత్వం మా ఊళ్ళోనే పెట్టింది అంటే గాలి ఎంతుంటుందో మీరే అనుకోండి. ఆడి గాలికి అమ్మిరాయి కూడా ఎగురుతుందని మా వైపు సామెత. రాయే ఎగిరితే ఇక ఫుట్‌బాల్ మాట చెప్పాలా?

మా బడి మైదానం నల్లరేగడి నేల. ఎండాకాలం బీటలు వారి ఉంటుంది, వానాకాలం కాళ్ళకు అతుక్కుంటుంది. రెండు వైపులా ఇనుప గొట్టాలతో గోలు స్తంభాలు ఉన్నాయి. వల లేదు. గోలు పడితే గోలీనే పరిగెత్తిపోయి ముళ్ళకంపలోంచి బాలు తెచ్చుకోవాలి. అందుకే మా బడిలో గోలీగా నిలబడటానికి ఎవరూ ఇష్టపడరు.

మా అన్న మాత్రం ఇష్టపడ్డాడు. అన్న అంటే మా పెద్దమ్మ కొడుకు. నాకన్నా పది నెలలే పెద్ద, ఇద్దరిదీ ఒకే తరగతి. అయినా పేరు పెట్టి పిలిస్తే అవ్వ ఊరుకోదు. కాబట్టి అన్నా అనే పిలుస్తాను. ఆరో తరగతిలో అన్న గోలీ అయినాడు. అన్న ఏది చేస్తే నేను అదే చెయ్యాలి అనుకునే రోజులు కాబట్టి నేను కూడా గోలీ అయినాను. ఒక జట్టులో గోలీకి ఉండేది ఒక్కటే చోటు అని అప్పుడు నాకు తోచలేదు.

ఇది కొంచెం ఆలోచించవలసిన విషయం. మిగిలిన పదిమందిలో ఒకడికి ఒక చోటు దొరక్కపోతే ఇంకో చోట ఆడవచ్చు. కుడివైపు కాకపోతే ఎడమవైపు, ముందు కాకపోతే వెనక. గోలీకి ఆ అవకాశం లేదు. అక్కడ నిలబడాలి, లేకపోతే బయట కూర్చోవాలి. మైదానంలో చేతులు వాడే హక్కు ఆయన ఒక్కడికే ఉంది. 1912 నుంచి ఆ హక్కు కూడా పెనాల్టీ పెట్టె లోపల మాత్రమే. 1992 నుంచి సొంత జట్టువాడు కావాలని కాలితో వెనక్కి ఇచ్చిన బంతిని చేత్తో పట్టకూడదు. 2025 నుంచి బంతిని ఎనిమిది సెకన్ల కంటే ఎక్కువ చేతుల్లో ఉంచుకుంటే ఎదుటివాళ్ళకు కార్నర్ ఇస్తారు. కాపాడవలసిన చోటు 24 అడుగుల వెడల్పు, 8 అడుగుల ఎత్తు. పెనాల్టీ కొట్టేవాడు 36 అడుగుల దూరంలో ఉంటాడు. మనిషి రెండు చేతులూ చాపితే ఎంత దూరం వస్తుంది? మా పి.టి. సారు ఒకసారి సుద్దముక్కతో గోడ మీద గోలు కొలతలు గీసి నన్ను దాని ముందు నిలబెట్టారు. బియ్యం డబ్బాలో ఒక గింజలాగా ఉన్నాను.

రెండో గోలీ పని ఏమిటో కూడా చెప్పాలి. మొదటి గోలీకి అభ్యాసం ఇవ్వటం. రోజూ సాయంత్రం నేను యాభై బాళ్ళు కొడతాను, అన్న పడతాడు. తర్వాత అన్న ఇరవై కొడతాడు, నేను పడతాను. ఆట రోజు నీళ్ళ క్యాను మొయ్యటం, అందరి చెప్పులకు కాపలా కాయటం, ఆట మొదలయ్యే ముందు అన్న చేతులు వేడెక్కేటట్టు బాళ్ళు విసరటం. గ్లౌజులు మా ఇద్దరికీ కలిపి ఒకటే జత. పెద్దమ్మ అగ్గిపెట్టెల ఆఫీసులో పని చేసిన డబ్బుతో కొన్నది. అందులో మొదటి చెమట ఎప్పుడూ అన్నదే. రెండేళ్ళలో నేను బడి జట్టుకు ఆడింది సున్నా ఆటలు.

ఇక తంగరాజ్ గారి సంగతి చెబుతాను. ఒక వాన రోజు మైదానం బురదయితే పి.టి. సారు మమ్మల్ని వరండాలో కూర్చోబెట్టి గోలీల కథలు చెప్పారు. అప్పుడు విన్నాను ఈ పేరు. తంగరాజ్ అనగానే మన వైపు ఆయన అనుకున్నాను. కాదు. ఆయన 1935 డిసెంబరు 24న హైదరాబాదులో పుట్టారు. సికింద్రాబాదు దండు చుట్టుపక్కల ఎన్నో తమిళ కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయని సారు చెప్పారు. అది వినగానే నాకు నవ్వు వచ్చింది. మేము తమిళ దేశంలో ఉండి ఇంట్లో తెలుగు మాట్లాడతాము. అక్కడ తెలుగు దేశంలో తమిళ పేర్లతో వాళ్ళు ఉన్నారు. లెక్క సరిపోయింది అనుకున్నాను.

తంగరాజ్ గారు 1953లో సైన్యంలో చేరారు. నీలగిరి కొండల్లో వెల్లింగ్టన్‌లో ఉండే మద్రాసు రెజిమెంటల్ సెంటర్ జట్టులో మొదట ఆయన గోలీ కాదు. గోళ్ళు కొట్టే సెంటర్ ఫార్వర్డు. తర్వాతే గోలీ అయినారు. ఆరడుగుల మూడంగుళాల మనిషి. ఆ జట్టు 1955లోనూ 1958లోనూ డ్యూరాండ్ కప్పు గెలిచింది. 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కు వెళ్ళిన భారత జట్టులో ఆయన ఉన్నారు. ఆ జట్టు నాలుగో స్థానంలో నిలిచింది. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ చేతిలో 2-1తో ఓడి, ఫ్రాన్సుతో 1-1తో సమానంగా ఆడినప్పుడు గోలు దగ్గర ఉన్నది ఆయనే. తర్వాత కలకత్తాలో మహమ్మడన్ స్పోర్టింగ్, మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ అనే మూడు పెద్ద క్లబ్బులకూ ఆడారు. 1967లో అర్జున అవార్డు వచ్చింది. ఆట మానేసిన తర్వాత పిల్లలకు శిక్షణ ఇచ్చారు. 2008 నవంబరు 24న బొకారోలో చనిపోయారు.

ఆ కాలంలో మన దేశంలో ఆటనే నమ్ముకుని బతకటం కష్టం. సైన్యం, రైల్వే, పోలీసు, ఉక్కు ఫ్యాక్టరీ ఇలాంటి చోట ఉద్యోగం ఉంటేనే ఆట సాగేది. ఇప్పుడు కొంచెం మారింది. మొహాలీకి చెందిన గుర్‌ప్రీత్ సింగ్ సంధు 2014లో నార్వేలోని స్టాబెక్ క్లబ్బుకు వెళ్ళాడు. 2016లో యూరోపా లీగు అర్హత పోటీలో ఆడాడు. ఐరోపాలో ఆ పోటీ ఆడిన మొదటి భారతీయుడు ఒక గోలీ అంటే నాకు గర్వంగా ఉంటుంది. గోలీకి ఇంకొక మంచి కూడా ఉంది. వయసు వచ్చినా ఆడవచ్చు. ఇటలీ గోలీ డినో జోఫ్ 1982లో నలభై ఏళ్ళ వయసులో ప్రపంచ కప్పు ఎత్తాడు. ఈజిప్టు గోలీ ఎస్సామ్ ఎల్ హదరీ 2018 ప్రపంచ కప్పులో నలభై అయిదేళ్ళ వయసులో పెనాల్టీ ఆపాడు. మా నాయనకు ఇప్పుడు నలభై నాలుగు. కట్టెల మోపు ఎత్తితే నడుము పట్టుకుంటాడు.

తంగరాజ్ గారి జీవితంలో అన్నిటికన్నా గొప్ప రోజు 1962 సెప్టెంబరు 4. జకార్తాలో ఆసియా క్రీడల ఫైనల్. ఎదురుగా దక్షిణ కొరియా. అంతకు ముందు మొదటి ఆటలో వాళ్ళే మనల్ని 2-0తో ఓడించారు. స్టేడియం నిండా మన వాళ్ళను ఎగతాళి చేసే జనం. జట్టును తీర్చిదిద్దింది హైదరాబాదుకు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీమ్ గారు. ఆయన వృత్తికి బడి అయ్యవారు. అప్పటికే జబ్బు మనిషి. మరుసటి ఏడాది జూన్‌లో క్యాన్సర్‌తో చనిపోయారు. వెనక కాపలా కాసే జర్నైల్ సింగ్ తలకు కుట్లు పడి ఉంటే, రహీమ్ గారు ఆయన్ను ముందుకు పంపి ఆడించారు. పి.కె. బెనర్జీ ఒక గోలు, ఆ జర్నైల్ సింగే ఇంకో గోలు కొట్టారు. కొరియా ఒకటి కొట్టింది. 2-1. మన దేశానికి బంగారు పతకం. ఆ తర్వాత ఇంతవరకు ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు బంగారం రాలేదు.

ఈ కథ చెప్పి సారు ఒక మాట అన్నారు. "ఫైనల్లో గోలు కాచింది తంగరాజ్. కాని సెమీఫైనల్లో కాచింది ఆయన కాదు. ఆయనకు జ్వరం. దక్షిణ వియత్నాం మీద 3-2తో గెలిచినప్పుడు గోలులో ఉన్నది ప్రద్యుత్ బర్మన్ అనే బెంగాలు ఆటగాడు. తంగరాజ్ కోలుకున్నాడు. బర్మన్ బయట కూర్చున్నాడు."

అందరూ తర్వాత కథ చెప్పండి సారు అని అరుస్తున్నారు. నేను తల వంచుకుని కాలి వేళ్ళు చూసుకుంటూ కూర్చున్నాను. అన్న నా పక్కనే ఉన్నాడు. ఎందుకంటే అంతకు నెల రోజుల ముందు మా ఇద్దరికీ సరిగ్గా అలాంటిదే జరిగింది.

అది ఆవణి మాసం. కోవిల్‌పట్టి దగ్గర ఒక మైదానంలో బడుల పోటీలు. సెమీఫైనల్ రోజు తెల్లవారి అన్నకు జ్వరం. ఒళ్ళు పెనంలాగా కాలిపోతా ఉంది. పి.టి. సారు మా ఇంటికి వచ్చి "ఈ రోజు నువ్వేరా" అన్నారు. గ్లౌజులు పెద్దమ్మ తెచ్చి ఇచ్చింది. బస్సులో నా కడుపులో ఏమేమో తిరిగినాయి.

ఆ మైదానానికి పడమర వైపు ఎత్తయిన గోడ, దాని వెనక వేపచెట్ల వరస. రెండో సగంలో నాకు తూర్పు గోలు వచ్చింది. ముఖానికి గాలి తగల్లేదు. చెట్లు గాలిని ఆపుతున్నాయి, హాయిగా ఉంది అనుకున్నాను. అప్పుడు ఎదుటి జట్టువాడు సగం మైదానం నుంచి బాలును ఎత్తి కొట్టాడు. నేను ఒక అడుగు ముందుకు వేసి చేతులు చాపాను. బాలు వేపచెట్ల కంటే పైకి లేచింది. పైన గాలి దాన్ని పట్టుకుంది. నా చేతుల్లో పడవలసినది నా తల మీదుగా పోయింది. పైకడ్డీకి తగిలి వెనక్కి వచ్చింది కాబట్టి బతికిపోయాను. అప్పుడు అర్థమైంది. కింద గాలి లేదు, పైన ఉంది. ఎత్తు బాలు వస్తే ముందుకు పోకూడదు. రెండడుగులు వెనక్కి నిలబడాలి. ఆ తర్వాత అలాంటివి మూడు వచ్చాయి. మూడూ పట్టుకున్నాను. ఒక గోలు పడింది గాని అది మూల నుంచి కొట్టిన మంచి గోలు. మేము 2-1తో గెలిచాము.

జట్టంతా నన్ను ఎత్తుకున్నారు. ఎదుటి జట్టు పిల్లవాడు ఒకడు వచ్చి తెలుగులోనే "బాగా కాచినావు" అన్నాడు. ఆటంతా మేము "వదులు, నాది" అని తెలుగులో అరుచుకుంటూ వాళ్ళకు తెలియదులే అనుకున్నాము. వాళ్ళ అవ్వది కూడా తెలుగేనట! మన కరిసల్ సీమలో రహస్యం మాట్లాడటం అంత సులువు కాదు.

ఇంటికి వచ్చాక నా మనసులో వచ్చిన ఆలోచన ఇది. అన్న జ్వరం ఎల్లుండి దాకా ఉంటే బాగుండు. ఫైనల్ మరుసటి రోజు. నేను చెడ్డవాణ్ణి కాదు. అన్నకు ఏమీ కాకూడదు అనే అనుకున్నాను. ఒక్క రోజు ఎక్కువ ఉంటే చాలు అనుకున్నాను. అయినా ఆ ఆలోచన వచ్చింది, అది నాదే.

రాత్రి అవ్వ మిరియాల చారు కాచి, గిన్నె నా చేతికి ఇచ్చి పెద్దమ్మ ఇంటికి పంపింది. అన్న గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. "ఎట్లుండాదన్నా వొళ్ళు?" అని నుదురు తాకాను. చల్లగా ఉంది. చెమట పట్టి జ్వరం దిగిపోయింది. పెద్దమ్మ దేవుడికి దణ్ణం పెట్టుకుంటా ఉంది. నాకు మాత్రం గొంతులో ఏదో అడ్డం పడింది.

చారు తాగుతూ అన్న అడిగాడు. "ఆ మైదానం ఎట్లుండాదిరా? గాలి ఏమైనా ఉండాదా?"

"ఏమీ లేదన్నా. మామూలే" అన్నాను.

అంతే. రెండు మాటలు. అబద్ధం కూడా పూర్తిగా కాదు. ముఖానికి గాలి తగలని మాట నిజమే కదా. గిన్నె తీసుకుని ఇంటికి వచ్చేశాను. దారిలో తిరిగి పోయి చెబుదామా అని ఒకసారి నిలబడ్డాను. పోలేదు.

మరుసటి రోజు ఫైనల్. మొదటి సగం అన్నకు తూర్పు గోలు వచ్చింది. నేను బయట చెప్పుల దగ్గర కూర్చున్నాను. ఆట మొదలై పావుగంట అయి ఉంటుంది. వాళ్ళ వెనక ఆటగాడు బాలును ఎత్తి కొట్టాడు. చెట్ల కంటే పైకి లేచింది. అన్న ఒక అడుగు ముందుకు వేశాడు. ఆ అడుగు వేస్తాడని నాకు ముందే తెలుసు. నేను లేచి నిలబడ్డాను. నోరు తెరిచాను. మాట రాలేదు. బాలు అన్న చేతుల మీదుగా పోయి గోలులో పడింది.

అన్న బాలు తెచ్చుకోవటానికి వెనక్కి తిరిగినప్పుడు ముందు చెట్ల వైపు చూశాడు. తర్వాత నా వైపు చూశాడు. నేను నీళ్ళ క్యాను మూత సర్దుతున్నట్టు వంగాను.

సగం ఆటకు వైపులు మారాయి. చెప్పినా ఇక పనికి రాదు. అన్న రెండో సగంలో నాలుగు మంచి బాళ్ళు ఆపాడు. కాని మా వాళ్ళు గోలు కొట్టలేకపోయారు. 1-0తో ఓడిపోయాము.

తిరుగు బస్సులో మా జట్టువాడు ఒకడు నా భుజం మీద చెయ్యి వేసి "నువ్వు ఆడుంటే కప్పు మనదేరా" అన్నాడు. ఇంకొకడు కూడా అన్నాడు. అన్న కిటికీ పక్కన కళ్ళు మూసుకుని ఉన్నాడు. విన్నాడు. ఇంట్లో పెద్దనాయన "జ్వరం వచ్చినవాడివి ఇంట్లో పడుండక నీకెందుకురా ఆట" అని తిట్టాడు. బడిలో పిల్లలు రెండు వారాలు ఆ గోలు గురించే మాట్లాడారు. ప్రతిసారీ ఎవరో ఒకరు నన్ను పొగిడేవాళ్ళు. పొగిడిన ప్రతిసారీ నాకు అన్నం సహించేది కాదు.

ఇదంతా జరిగిన నెలకు ఆ వాన రోజు సారు వరండాలో కథలు చెప్పారు. తంగరాజ్, బర్మన్ కథ తర్వాత మోసిర్ బార్బోసా అనే బ్రెజిల్ గోలీ గురించి చెప్పారు. 1950 జూలై 16న రియో నగరంలోని మరకానా స్టేడియంలో బ్రెజిల్, ఉరుగ్వే ఆడినాయి. బ్రెజిల్‌కు సమానమైనా చాలు, ప్రపంచ కప్పు వాళ్ళదే. 1-1గా ఉన్నప్పుడు ఉరుగ్వే ఆటగాడు గిగ్గియా పక్క నుంచి వచ్చాడు. బంతిని మధ్యకు ఇస్తాడనుకుని బార్బోసా ఆ వైపు జరిగాడు. వాడు స్తంభానికీ గోలీకీ మధ్య ఉన్న సందులోంచి కొట్టాడు. బ్రెజిల్ ఓడిపోయింది. బార్బోసా మంచి గోలీ. అంతకు ముందు ఏడాది దక్షిణ అమెరికా కప్పు గెలిచిన జట్టులో ఉన్నాడు. అయినా 2000లో చనిపోయే దాకా యాభై ఏళ్ళు జనం ఆయన్ను ఆ ఒక్క గోలుతోనే గుర్తు పెట్టుకున్నారు.

"గోలీ ఎన్ని ఆపాడు అని ఎవరూ లెక్క పెట్టరు. ఏది వదిలాడు అనేది ఊరంతా లెక్క పెడుతుంది" అన్నారు సారు.

నేను అన్న వైపు చూశాను. అన్న వాన వైపు చూస్తున్నాడు. అన్న మీద పడిన ఆ ఒక్క గోలులో సగం నాది. ఆ సంగతి ఊళ్ళో నాకు ఒక్కడికే తెలుసు.

ఆ సాయంత్రం వాన తగ్గాక అన్నతో కలిసి నడిచి వస్తూ చెప్పేశాను. చెట్ల సంగతి, పైగాలి సంగతి, రెండడుగులు వెనక్కి నిలబడాలనే సంగతి, తెలిసే "మామూలే" అన్న సంగతి. జ్వరం దిగకూడదని అనుకున్న సంగతి కూడా చెప్పాను. కట్టబొమ్మన స్మారకం దగ్గర మొదలుపెట్టి మా వీధి మలుపు దాకా చెప్పాను. అన్న ఒక్క మాట కూడా మధ్యలో మాట్లాడలేదు. ఇంటి ముందు నిలబడి అన్నాడు:

"చెప్పుంటే ఆపేవాడినో లేదో నాకూ తెలీదు. కాని నువ్వు చెప్పుండాల."

లోపలికి వెళ్ళిపోయాడు. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. బస్సులో వేరే సీట్లో కూర్చున్నాడు. అవ్వకు అనుమానం వచ్చి "ఏమిరా, అన్నదమ్ములు ఎడమొగం పెడమొగంగా ఉండారు?" అని అడిగింది. ఏమీ చెప్పలేదు. ఆ రెండు రోజులు నాకు దుఃఖంగానే ఉంది. అయినా ఆ నెల రోజుల కంటే నయం. అన్నం సహించింది.

మూడో రోజు పి.టి. సారు దగ్గరికి పోయి అదే సంగతి చెప్పాను. తిడతారు అనుకున్నాను. ఆయన కొంచెంసేపు ఆగి ఇంకొక కథ చెప్పారు. 2014 ప్రపంచ కప్పు క్వార్టర్ ఫైనల్లో నెదర్లాండ్స్, కోస్టారికా ఆట గోళ్ళు లేకుండా నూట ఇరవై నిమిషాలు నడిచింది. పెనాల్టీలు కొట్టే సమయానికి నెదర్లాండ్స్ కోచ్ మొదటి గోలీ సిల్లెస్సెన్‌ను బయటికి పిలిచి, టిమ్ క్రూల్ అనే రెండో గోలీని లోపలికి పంపాడు. క్రూల్ రెండు పెనాల్టీలు ఆపాడు. జట్టు గెలిచింది. ప్రపంచ కప్పుకు వచ్చే ప్రతి జట్టులోనూ ముగ్గురు గోలీలు ఉండి తీరాలని నియమం. అందులో చాలాసార్లు ఇద్దరు ఒక్క నిమిషం కూడా ఆడకుండా ఇంటికి పోతారు. "వాళ్ళ పని ఏమిటో తెలుసా?" అని అడిగారు సారు. "ఆడేవాడి రెండో జత కళ్ళు. బయట కూర్చున్నవాడికి కనిపించేది లోపల ఉన్నవాడికి కనిపించదు. నువ్వు ఆ కళ్ళు మూసుకున్నావు. ఇక మూసుకోవద్దు."

అంతకన్నా ఎక్కువ తిట్టలేదు. పైగా మా జట్టువాళ్ళకు నువ్వే చెప్పాలి అన్నారు. అది అన్నిటికన్నా కష్టమైంది. చెప్పాను. కొందరు నాతో కొన్నాళ్ళు సరిగా మాట్లాడలేదు. "నువ్వు ఆడుంటే" అనే మాట మాత్రం ఆగిపోయింది. అన్న మీద ఉన్న బరువు కొంచెం దిగింది. అది చాలు.

ఇప్పుడు ప్రశ్న. నాకు నచ్చిన ఆటగాడు ఎవరు? టీచరమ్మకు తంగరాజ్ అని చెప్పాను. ఆయన గొప్పవారే. గోళ్ళు కొట్టే చోటు వదిలి గోళ్ళు ఆపే చోటికి వచ్చి, ఆసియాలో పేరు తెచ్చుకున్నారు. పదహారు పదిహేడేళ్ళు పెద్ద ఆటలు ఆడి, తర్వాత పిల్లలకు నేర్పించారు. జ్వరం నుంచి లేచి ఫైనల్లో నిలబడ్డారు. కాని వ్యాసం రాస్తూ రాస్తూ ఉంటే నా మనసు ప్రద్యుత్ బర్మన్ గారి దగ్గరికే పోతా ఉంది. సెమీఫైనల్లో ఆయన నిలబడకపోతే తంగరాజ్ గారికి ఫైనల్ ఉండేది కాదు. బంగారు పతకం కథ చెప్పేటప్పుడు ఆయన పేరు చెప్పేవాళ్ళు తక్కువ. అందుకే ఈ వ్యాసంలో ఇద్దరి పేర్లూ రాశాను. మీరు ఎవరికైనా ఈ కథ చెబితే మీరు కూడా ఇద్దరి పేర్లూ చెప్పండి.

ఇది అచ్చు వేయటానికి ఇచ్చే ముందు అన్నకు చదివి వినిపించాను. అన్న ఒక్క చోట తప్పు పట్టాడు. "రెండో సగంలో ఆపింది నాలుగు కాదురా, అయిదు" అన్నాడు. నాకు నాలుగే గుర్తు. కాని ఆడినవాడు చెప్పినాడు కాబట్టి అయిదు అనే చదువుకోండి.

తర్వాత లేచి గ్లౌజులు తీసుకున్నాడు. బయట గాలిమరలు గట్టిగా తిరుగుతున్నాయి.

"రా, గాలి లేచింది. ఎత్తు బాళ్ళు వెయ్యి" అన్నాడు.

యాభై వేశాను. మొదటి బాలుకే రెండడుగులు వెనక్కి నిలబడ్డాడు. తర్వాత గ్లౌజులు విప్పి నాకు ఇచ్చి, "ఈ రోజు నీకు కూడా యాభై" అన్నాడు.